కోరుపీట

బరంపురం ఆస్పత్రిలో తూకం ఎక్కితే
ముల్లు తొంబై ఆరు కాడ వణికి ఆగింది.
సస్మితమ్మ చీటీ రాసి
పైకి చదివింది: నడియా బంద్.
కొబ్బరి అన్నమాట. పద్దెనిమిదేళ్ళ కాపురంలో
ఆమాత్రం ఒడియా నాకూ వచ్చు.

"మా అత్త దాలమ్మ కొబ్బరి తినే బతికింది తల్లీ!
అంబల్లో నంజుకి ముక్క, చేపల పులుసులో పాలు,
ఎనభయ్యేళ్ళకీ కోక చెంగు
నడుం చుట్టూ రెండు చుట్లొచ్చేది."
ఆ పిల్ల నవ్వలేదు.
"ఆవిడ రోజంతా ఏం చేసేది?"

ఏటి చేసేది?
తోటకి నీళ్ళు మోసేది. పీచు కొట్టేది.
నెత్తిన గంపతో తెల్లారకముందే బాహుదా దాటి
ఇచ్ఛాపురం సంతకి పోయేది.
నేనో,
తుపాను చెట్లు పీకేసిన ఏటి నుంచి
గిరిసోల రోడ్డు పక్కన స్టూలు మీద కూచుని
ప్యాకెట్టు నూనెలో బజ్జీలేస్తన్నాను.
చల్లారి మిగిలిన బజ్జీకి
నాది తప్ప వేరే నోరేదీ?

చీటీ వెనక్కి లాక్కుని కొట్టేసి రాసింది:
అగ్గిపెట్టెంత ముక్క. నూనె సగం. సాయంత్రం నడక.

ఇంటికొచ్చి అటక మీది కోరుపీట దించాను.
దాని పళ్ళకి అత్త పోయిన నాటి తుప్పు.
చింతపండుతో తోమి కూచుంటే కిర్రుమంది.
గుప్పెడు తెలుపు రాలేసరికి
వీపంతా చెమట.

కోరడం అయింది గానీ
నేల మీంచి లేవాలి కదా.
ఓ చెయ్యి గోడకి, ఓ చెయ్యి మోకాలికి,
మూడోసారికి లేచాను.

ఇది చీటీలో లేదు.
వచ్చే మంగళారం ఆ పిల్లకి చెప్పాలి.