ఊరుకున్న కీలు

ఉలవపాడు దాటినాక మొదలవుద్ది.
ముందు కిర్రుమంటది,
ఇంట్లోవాళ్లు లేస్తారని భయపడి
తలుపుని అంగుళం అంగుళం జరిపినట్టు.
ఆనక గుంత కనపడితే చాలు, కటక్.
ఎనక పాతిక పెట్టెల బంగినపల్లి,
ముందు చక్రాల కాడ ఎవురో గొణుగుతానే ఉండారు.

రెండు నెల్లు రేడియో గొంతు పెంచి నెట్టుకొచ్చా.
ఓనరు వెంకటశేషయ్య ఎక్కిన రోజున మాత్రం
సంతలో ఎద్దు కుంటి దాచుకున్నట్టు
బండి నోరు మెదపలా.
"నీ చెవుల్లో ఉందిరా శబ్దం" అని దిగిపోయాడు.

కందుకూరు, పామూరు రోడ్డులో ఖాలేషావలి షెడ్డు.
బోర్డు లేదు. కొమ్మకి వేలాడే బోడి టైరే గుర్తు.
ఆయనకి ఎడం చెవి వినపడదు.
కుడి చెవి కూడా మొహమాటానికి వింటది.
అట్టాంటాయన కాడికి శబ్దం మోసుకుపోయా.

బానెట్టు ఎత్తలా. స్టూలు లాగి కూచోమన్నాడు.
"ఎప్పుడు మోగుద్ది మాలకొండయ్యా?
పొద్దున చల్లప్పుడా, మద్దేనం ఎండకా?
లోడుతోనా, ఖాళీగానా?
బ్రేకు తొక్కితేనా, వదిలితేనా?
ఎడమకి తిప్పితేనా, కుడికా?"
కడుపునొప్పికి పోతే డాక్టరు కూడా ఇన్ని అడగలా.
నాకు చెప్పను రాక దారి చెప్పా:
సింగరాయకొండ గేటు కాడ రెండు దెబ్బలు,
మన్నేటికోట మలుపులో ఒక మూలుగు,
కరేడు ఇసక మీద ఏమీ లేదు.
కళ్లు మూసుకుని ఆ దారంతా
నా పక్క సీట్లో కూచుని వచ్చాడాయన.

ఇంజను ఆపించాడు. స్టీరింగు అటూ ఇటూ తిప్పమన్నాడు.
కిందికి దూరి
స్క్రూడ్రైవరు మొన ఇనుముకి ఆనించి
పిడి పళ్లతో కరుచుకున్నాడు.
దవడతో విన్నాడు.
ఆనక చెంబుడు సబ్బునీళ్లు అడిగి కమానుకట్ట బుష్షు మీద చల్లితే
కిర్రు టక్కున నోరు మూసింది.
"రబ్బరు ఎండిపోయింది. నూటెనభై."
బతికిపోయాననుకుని లేచా.
"కూచో."

"ఇది అరిచేది. అరిచేది చంపదు అబ్బయ్యా.
దీని రచ్చలో
పక్కన ఊరుకున్నదాన్ని ఎవురు చూస్తారు?"

జాకీ ఎక్కించి చక్రాన్ని గాల్లోకి లేపాడు.
గడియారంలో మూడూ తొమ్మిదీ ఉండే కాడ
రెండు చేతులూ వేసి ఊపమని పిల్లోడికి చెప్పి
నా చెయ్యి లాక్కుని
టైరాడ్డు ఎండు మీద పెట్టాడు.

చప్పుడు లేదు.
బురద, పాత గ్రీసు, రొయ్యల గుంటల ఉప్పునీళ్లు
పొరలు పొరలుగా దాని నోరు కుట్టేశాయి.
కానీ నా వేళ్ల కింద
ఊడబోయే పాలపన్నులా
ఊగింది.

మొన్న రాత్రి ఈ బండినే
హైవే మీద తొంభైలో తోలా.
పక్కన హమాలీలు శింగయ్య, చినమాల్యాద్రి
ఒకడి భుజాన ఒకడు తల పెట్టుకుని
నోళ్లు తెరిచి నిద్దర.
ఆ సంగతి ఖాలేషావలికి చెప్పలా.
చెయ్యి తీసుకోవడం మర్చిపోయి అట్టానే కూచున్నా.
ఆయనే తీసి, కిరసనాయిల్ గుడ్డతో నా వేళ్లు తుడిచాడు.

దీపాలేళకి కొత్తది ఎక్కింది.
తిరుగుదారిలో రేడియో పెట్టలా.
మన్నేటికోట మలుపు, గేటు,
రెండు చోట్లా వేగం తగ్గించి విన్నా.
టైర్ల కింద తారు, దూరంగా ఏదో గూడ్సుబండి.

కాయల కొట్లో వెంకటశేషయ్య బిల్లు తిరగేశాడు.
"బుష్షంటే మోగింది, సరే.
ఈ రెండోదేందిరా? మోగనిదానికి కూడా డబ్బులా?"

జేబులోంచి పాత ఎండు తీసి
బల్ల మీద, కాటా పక్కన, నిలబెట్టా.

ఎవురూ తాకకుండానే
దాని తలకాయ
మెల్లిగా ఒక పక్కకి వాలిపోయింది.