పడమటి గోడ

బల్లార్షాల అద్దం కావాలంటే
బొర్లకుంట మొండయ్య దుకాణమే.
స్టేషన్ రోడ్డు మీద ఆ నీలం బ్యాంకు ఉన్నదే,
దాని పడమటి మొకానికి అద్దం తొడిగింది నేనే.
"పట్నం లెక్క ఉన్నది సేటూ" అన్నరు.
మీసం దువ్వుకున్న.

రెండేండ్లకు, మే నెలల,
పైసలు కట్టనీకి అదే బ్యాంకుకు పోతె
క్యాషియర్ కిటికీకి అట్టముక్క అడ్డం కట్టుకొని కూసున్నడు.
నాలుగు ఏసీలు మూలుగుతున్నయి.
ఏం ఎరగనట్టు స్లిప్పు నింపిన.

తర్వాత వచ్చింది ఇంజనీరమ్మ, వైశాలీ ఉయికే,
చంకల ఎనర్జీ కోడ్ కాగితాలు.
కొత్త ఆసుపత్రి నక్ష పరిచి
నేను గీసిన పడమటి అద్దాన్ని
ఎర్ర పెన్సిల్‌తోని మూడో వంతుకు కోసింది.
"ఇంతకు మించితే పర్మిషన్ రాదు కాకా."
మరాఠీల కొట్లాడిన, తెలుగుల తిట్టిన.
ఆమె నవ్వి, నా చెయ్యి పట్టి
నా దుకాణం గోడకే ఆనించింది.
పొద్దుగూకి గంట దాటింది.
గోడ ఇంకా జొరమొచ్చిన పిల్ల లెక్క ఉన్నది.

"ఈ కాకను బయటికి నూకే కరెంటు ఎక్కడిది కాకా?"

నాకు తెల్వదా?
మా తమ్ముడు దిగేది ఆ బొగ్గుబాయిలకే.
భూమిల నుంచి తోడి, కాల్చి,
ఒక్క అర్రను సల్లగ చేసి
బూడిదను మాత్రం
దండెం మీది బట్టలకు పూసుకుంటం.

ఆ ఏడు నీలం అద్దాలు పదహారు షీట్లు మిగిలినయి.
అప్పు మిగిలింది.
నాగ్‌పూర్ ఏజెంటుకు ఫోన్ చేసి కొత్త పేర్లు నేర్చుకున్న:
రెండు పొరల అద్దం, నడుమ గాలి;
ఎండను ఎనక్కి కొట్టే తెల్ల పెంకులు;
బూడిద ఇటుక. మా బూడిదే,
బిల్లుతోని తిరిగొచ్చింది.
మొదటి లారీ ధర వింటే గుండె జారింది.
ఆసుపత్రోళ్లు కొన్నరు, కాలేజోళ్లు కొన్నరు,
రూలు ఉన్నది గనక కొన్నరు, ఇష్టముండి కాదు.
నాలుగో లారీ నాటికి
పక్క దుకాణం ముకుందరావు కూడా అదే సరుకు దించిండు.
ఇగ ధర దిగక ఏం చేస్తది?

మాది రెండర్రల ఇల్లు.
ఏ కోడూ దాన్ని అడగదు,
ఏ ఇన్‌స్పెక్టరూ మా గల్లీల తిరగడు.
రూలు రాలేదు గని, ధర వచ్చింది.
అంచులు పగిలిన తెల్ల పెంకులు ఏరి
శంకుబాయి స్లాబు మీద పరిపిచ్చింది.
ఆ రాత్రి నీళ్లు చల్లకుండనే పండుకున్నది,
గురక కూడా పెట్టింది.

నాకే నిద్ర పట్టలేదు.
దుకాణం ఎనుక ఆ పదహారు షీట్లు
నిలబడే ఉన్నయి ఇంకా.
పొద్దుగాల ఓ మేక వస్తది,
లోపలి నీలం మేకతోని
కొమ్ములాడి పోతది.