ఒక్క మోత ఉంచుకున్నాను

పియానోలకు శ్రుతి కలపడం నా పని.
ఫ్రీస్లాండ్‌లో సముద్రపు గట్టు వెంబడి
చర్చికీ చర్చికీ, బడికీ బడికీ మధ్య
గాలి తప్ప ఇంకేదీ నిటారుగా నిలబడని దారిలో
ముప్పై ఏళ్ళు కారులో తిరిగాను.
ఉప్పుగాలికి ఆ కారు తుప్పుపట్టి ఓడిపోయాక
కరెంటు సైకిలు కొన్నాను.

ఎవరి కొలతలకు చేశారో దాన్ని,
నా కొలతలకు మాత్రం కాదు.
మణికట్లు తిమ్మిరెక్కేవి.
ఇటుకలు పరిచిన వీధి దాటేసరికి
వెన్నుపూసలు ఒక్కొక్కటీ
లేచి నిలబడి తన పేరు చెప్పుకునేవి.
ఆపైన మోతలు.
మడ్‌గార్డుది ఒకటి, గొలుసు మూతది ఒకటి,
సంచిలో పనిముట్లది ఇంకొకటి.
దారినపోయేవాళ్ళకి అది ఉత్త చప్పుడు.
నాకు, తలో శ్రుతిలో పాడుతూ
ఎవరూ తగ్గని ముగ్గురు.
పియానో ముందు కూర్చున్నా చెవిలో ఆ రొదే,
మీట నొక్కితే
తప్పు తీగదో నాదో తేలేది కాదు.

నవంబరులో ఒక సాయంత్రం
హోల్వెర్డ్‌కి ఏడు కిలోమీటర్ల ఇవతల
బ్యాటరీ చచ్చింది.
ఎదురుగాలి. ఇరవై ఏడు కిలోల ఇనుము.
గొర్రెలు నన్ను చూసి నమలడం ఆపి
మళ్ళీ మొదలెట్టాయి.
తోసుకుంటూ ఆలోచించాను,
అమ్మెయ్యాలా, విప్పాలా?

విప్పాను.
పడవ ఇంజన్లు బాగుచేసే యెల్మర్
తన షెడ్డులో ఒక మూల ఇచ్చాడు.
ముడతల అట్ట మీద నన్ను కూర్చోబెట్టి
ఎముకలు దిగిన రెండు గుంటల మధ్య స్కేలు పెట్టి
"పదమూడున్నర" అన్నాడు, దర్జీలా, తలెత్తకుండా.
అరవై రెండేళ్ళకి
నా కూర్చునే ఎముకలను ఒకరు లెక్కలోకి తీసుకున్నారు.
వెడల్పు సీటు వచ్చింది, దాని కింద స్ప్రింగుల కడ్డీ.
హ్యాండిలు వెనక్కి వంగింది,
నా చేతులు అందుకోవడానికి
తనే రెండడుగులు ముందుకొచ్చినట్టు.
పెడలు కాడ సెంటీమీటరు పొట్టిదైంది,
మోకాలు సణుగుడు మానింది.
లావు టైర్లు వేసి
గాలి సగానికి సగం తీసేస్తుంటే అడ్డుపడ్డాను.
"బిగిస్తేనే కదా తీగ మోగేది,
టైరు మోగక్కర్లేదుగా" అన్నాడు,
నా విద్య నాకే అప్పజెప్పి.

రెండో బ్యాటరీకి డబ్బు చాల్లేదు.
ఇరవై ఏళ్ళుగా ఎవరూ తొక్కని
కాలి హార్మోనియం అమ్మేశాను.
అందులో దుఃఖమేమీ లేదు,
తిత్తి చిరిగి ఎలాగూ దగ్గేది.

మోతల సంగతి నేనే చూసుకున్నాను.
పియానో సుత్తులకు అంటించే ఉన్ని ముక్క
మడ్‌గార్డు కింద. గొలుసు మూత లోపల మరొకటి.
పనిముట్లను పాత మేజోళ్ళలో పడుకోబెట్టాను.

ఏప్రిల్‌లో ఒక్కరోజే తొంభై నాలుగు కిలోమీటర్లు,
ఐదు పియానోలు.
ఇంటికొచ్చేసరికి మీటరులో రెండు గీతలు మిగిలాయి,
నాలోనూ ఒకటో రెండో.
గట్టు మీద తొలిసారి
సైకిలు కాక మిగతావన్నీ వినిపించాయి.
బురదలో పిట్టల కూతలు, గడ్డి పీకే గొర్రెల పళ్ళు,
గాలి ఎదురైతే కాస్త బిగుసుకునే
మోటారు సన్నని గొంతు.

కానీ ఆ వారమే
బడి గేటు దగ్గర వానలో ఎనిమిది నిమిషాలు నిలబడ్డాను.
కాపలా ఫొక్కె పరుగున వచ్చి నొచ్చుకున్నాడు:
"ఎప్పుడూ ఇటుకల మీద నీ మోత వినేకదా
హిల్ట్యే వచ్చిందని తాళాలు తీసుకునేది.
ఇవాళ నువ్వు రానేలేదు మరి."

ఆ రాత్రి బెల్లు మరను
అర చుట్టు వదులు చేశాను.
చదును దారిలో అది నోరెత్తదు,
ఇటుకలు తగిలితేనే పలుకుతుంది,
గాంధారానికి రవ్వంత కింద.

చేతిలో పానా ఉంది.
సరిచెయ్యను.