కొలతల బుక్కు

కాజీపేటల, రైలు కట్ట పక్కన
నాదొక డబ్బా అంత కుట్టు దుకాణం.
బండొస్తె గోడకున్న అద్దం అదురుతది,
ఆ అదురులనే సూదిల దారం ఎక్కిచ్చుడు నేర్చుకున్నదాన్ని.
మార్చి నెల ఆఖర్ల అదురు ఆగింది.
గూడ్సు ఒకటో రెండో పోయేది, దాని మోత వేరు.
పట్టాలు నిద్రపోయినయి,
నాకే నిద్ర రాలే.

షట్టర్ దించిన్నాడు లోపట నలభై ఒక్క జాకెట్లు.
రజిత పెండ్లి జాకెట్టు
ఒక చెయ్యి కుట్టిన, ఒక చెయ్యి కుట్టలే.
ఇరవై మందితోని పెండ్లయింది దానిది,
పాత జాకెట్టు మీదనే.
నా పైసలు నాకిచ్చింది. తీసుకున్న.
తీసుకోకుండ ఉండే రోజులా అవి?

ఓనరు ఏప్రిల్ల కిరాయి అడగనన్నడు.
మే నెలల అడిగిండు.
జూన్ల ఏప్రిల్ది గూడ కలిపి అడిగిండు.

మా నరహరిది లారీ.
ఎనుమాముల నుంచి మిర్చి బస్తాలేసుకొని పోతె
వారం పది రోజులు మనిషి కనపడడు.
పన్నెండేండ్ల సంసారంల
ఒక్కతీరుగ ఇరవై దినాలు ఇంట్లున్నది గప్పుడే.
ఫ్యాను కాడ లొల్లి, ఉప్పు డబ్బా కాడ లొల్లి.
బిడ్డను ఏ క్లాసే అని అడిగిండు.
అది నవ్వింది, నేను నవ్వలే.
తెల్లారి దానికి జడలేస్తుండు:
ఒకటి చెవు మీద, ఒకటి మెడ మీద.
విప్పుత నంటె అది విప్పనియ్యలే,
రెండు రోజులు గట్లనే తిరిగింది.

రాత్రి ఒంటి గంటకు లేచి కూసునేది.
లారీ టైం ఒంట్లకెల్లి పోలే.
నేను గూడ పోయి గడప మీద కూసున్న.
మిర్యాలగూడ అవతల ఒక హోటల్ కాడ
కుంటి కుక్క ఉంటదట,
పోయినప్పుడల్ల సగం ఆమ్లెట్ దానికేనట.
"హోటల్ బందయితె దానికెవలు పెడుతుండ్రో" అన్నడు.
నా గురించి ఎన్నడన్న గట్ల రంది పడ్డవా అని
అడుగుదామనుకున్న.
అడగలే. గాలి మంచిగొస్తుండె.

ఒక పగటీలి కట్ట మీద మనుషులు.
మూటలు, పిలగాండ్లు, నెత్తి మీద కుక్కరు.
ఉత్తరం దిక్కు నడుస్తుండ్రు,
వాళ్ల మాట నాకు తెల్వది.
ఒక పిల్ల కాళ్లు కంకర మీద పెట్టలేక
ఎగురుకుంట వస్తుంది.
షట్టర్ సగం లేపి లైనింగ్ బట్ట చింపిన,
నాలుగు మడతలేసి కాళ్లకు చుట్టిన.
కొలత తీసుకోకుండ బట్ట చింపుడు
నా జన్మల గదే మొదలు.
గా బట్ట ఎన్ని కిలోమీటర్లొచ్చిందో.

తర్వాత మాస్కులు, ఒక్కోటి నాలుగు రూపాయలు.
మిగిలిన ముక్కలన్ని కోసి కుట్టిన.
సగం కాజీపేట నా గిరాకీల రైక ముక్కలు
మూతికి కట్టుకొని తిరిగింది.
ఎవలది ఎవల మూతి మీదున్నదో నాకొక్కదానికే ఎరుక.
ఒక్కదాన్నే నవ్వుకున్న.

మంచి జరిగిందంటె సిగ్గయితది.
జరగలేదంటె అబద్ధమయితది.

ఒకనాడు మళ్ల రైలొచ్చింది.
అద్దం అదిరింది, సూది వేల్ల దిగింది.
అలవాటు తప్పిన వేలు.
నోట్ల పెట్టుకొని నిలబడ్డ, డబ్బలన్ని పోయేదాంక.
అదే వారం నరహరి ఫోను:
కుక్క ఉన్నదట.
మూతికి బట్ట చూసి గుర్తువట్టక మొరిగిందట,
బట్ట తీస్తె తోక ఊపిందట.
ఇంకేం చెప్పలే, పెట్టేసిండు.

అప్పుడే అయిపోయిందనుకున్నం.
మల్లేడు మే నెలల
ఫాతిమానగర్ ఫిలోమినా టీచర్
ఎంజీఎంకు ఆటోల పోయింది, రాలే.
కొలతల బుక్కుల ఆమె పేజీ ఉన్నది.
చాతి ముప్పై ఎనిమిది. చెయ్యి పది.
"వెనుక మెడ లోతు వద్దు, బోర్డు మీద రాసేదాన్ని"
ఆమె మాట ఆమె రాతల్నే.
ఆకుపచ్చ జాకెట్టు, హుక్సులు గూడ అయిపోయినయి.
ఎవలు రాలే దాని కోసం.

బుక్కు నిండిపోయింది, కొత్తది కొన్న.
పాత గిరాకీలను ఒక్కొక్కలను ఎక్కిస్తున్న కొత్తదాంట్లకు.
ఆమె పేజీ కాడికొచ్చి
పెన్ను మూత పెట్టి
చాయ తాగొస్తనని బయటికి పోయిన.