రెండు వేళ్ల వాలు

"కమాన్ కట్ట పోయింది, మార్చెయ్" అన్నాను.
యాకయ్య అటు చూడనే లేదు.
ముందు టైర్లలో గాలి చూశాడు,
తర్వాత తన షెడ్డు నేలనే అనుమానించాడు.

పక్కన గోడ కడుతున్న మేస్త్రీని అడిగి
నీళ్ల పైపు తెచ్చాడు.
ఆ కొస నేను, ఈ కొస తను.
ములుగు రోడ్డు మీద లారీ పోతే
పైపులో నీళ్లు వణికి, నిలబడ్డాయి.
నేల తప్పేం లేదు.

ఇక టేపు. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచుకి
ఎడమ ఇరవై ఒకటిన్నర అంగుళాలు,
నా పక్క ఇరవై.
"ముందు కుడి కుంగితే
ఎనక ఎడమను గూడ అడగాలె సార్.
బండి మూలకు మూల అబద్ధమాడ్తది."

తాడ్వాయి వాగుల్లో పదకొండేళ్లు
టీకా డబ్బాలూ నేనూ.
ఎప్పుడూ నేనొక్కణ్ణే, ఎప్పుడూ కుడివైపే.

ఒక పట్టీ చేర్చాడు. బుష్ బోల్టులు మాత్రం
జాకీ దించి, బరువు నేలకు ఆనాకే బిగించాడు.
"గాల్ల ఉన్నప్పుడు బిగిస్తే గాలికే అలవాటైతది."

మళ్లీ టేపు. కుడి పావంగుళం ఎక్కువే వచ్చింది.
"ఉండనీ. మీరు కూసుంటరు గద."

గూడెప్పాడు దాటాక తెలిసింది,
జీపు నిటారుగానే పోతోంది,
నేనే ఎడమకి ఒరిగి కూర్చున్నాను.