రెండు ఫ్రేములు తక్కువ

క్యాసెట్టు అరవై ఆరో నిమిషం దాకా బాగానే ఆడుతుంది.
అక్కణ్ణించి మంచు.
పుట్ట పగిలిన చీమల్లా బూడిద చుక్కలు
తెర నిండా పరుగులు తీసి
అరవై ఎనిమిదిలో గాని సర్దుకోవు.
అప్పటికి ఆమె తలుపు తీసేసి
మెట్లు దిగిపోయి ఉంటుంది.

అరగదీసింది నేనే.
ముప్పై ఏళ్ళుగా వెనక్కి తిప్పడం, ఆపడం,
కాస్త ముందుకు జరపడం, మళ్ళీ వెనక్కి.
ఒకే చోట నాకుతూ కూర్చుంటే
పంచదార చిలక ముక్కు మాత్రం ఎన్నాళ్ళుంటుంది?

ఇప్పుడు పియోత్ర్‌కోవ్‌స్కా వీధిలో కొట్టు అద్దం వెనక
అదే సినిమా, కొత్త డబ్బా.
'అసలు నెగటివ్ నుంచి పునరుద్ధరణ' అని వెండి అక్షరాలు.
గీతలు చెరిపారట. దుమ్ము దులిపారట.
నూట ఇరవై తొమ్మిది జ్లోతీలు.
పంటి డాక్టరుకని నేను దాచినవి నూట యాభై.

అసలు నెగటివ్ నాకు తెలియనిదా!
తెల్ల నూలు చేతిజోళ్ళు వేసుకుని
నాలుగో అంతస్తులో లుద్మివా పక్కన కూర్చుని
కోసి అతికినదాన్ని.
మా వూచ్ నూలు మిల్లుల ఊరు.
అమ్మ దారం తెగితే ముడి వేసేది,
నేను బొమ్మ తెగితే అతుకు వేసేదాన్ని.
ఇద్దరికీ మేస్త్రీలు చెప్పింది ఒకటే మాట:
చెయ్యి పడ్డట్టు కనబడకూడదు.

ఆ ఫిబ్రవరిలో గది హీటరు చెడింది. నాకు జలుబు.
తలుపు షాటు మీద కత్తి దించుతూ తుమ్మాను.
తుమ్మితే ఊడే ముక్కంటారే,
నా ముక్కు నిలిచింది, ఫిల్ము ఊడింది.
రెండు ఫ్రేములు.
సెకనులో పన్నెండో వంతు.
ఆమె చెయ్యి గొళ్ళెం దాకా వెళ్ళదు.
ఇక్కడుంటుంది.
అక్కడుంటుంది.

దర్శకుణ్ణి పిలిచారు. చూశాడు. మళ్ళీ వేయించుకుని చూశాడు.
"ఉండనీ" అని సిగరెట్టు ఆర్పి వెళ్ళిపోయాడు.
అది దయో విసుగో
ఆయన పోయేదాకా అడగలేకపోయాను.

పేర్ల పట్టికలో గుర్రబ్బండి తోలినవాడి పేరుంది,
గుర్రం పేరు కూడా ఉంది.
నా పేరు లేదు.
నేనున్నది ఆ రెండు ఫ్రేములు లేకపోవడంలోనే.

ఇప్పటి యంత్రాలు లేని బొమ్మల్ని అల్లేస్తాయట.
ఇటు చెయ్యి చూసి, అటు చెయ్యి చూసి
మధ్య చెయ్యి ఊహించి గీసేస్తాయట.
నిజంగా అల్లేస్తే
నలభై ఆరేళ్ళ సిగ్గు ఒక్కసారిగా తీరిపోతుంది.
తీరిపోయాక నేను
ఏ నిమిషం దగ్గర ఆగాలి?

మూడు రోజులు ట్రామెక్కి వెళ్ళాను.
రెండు రోజులు అద్దంలోంచి చూసి వెనక్కొచ్చాను.
మూడోనాడు వాన. లోపలికి వెళ్ళక తప్పలేదు.
కొట్టు కుర్రాడు త్సెజారి,
చెవికి పోగు, ముంజేతి మీద ఎవరిదో సంతకం పచ్చబొట్టు.
"అరవై ఏడో నిమిషం" అన్నాను, "తలుపు దగ్గర..."
నా మాట పూర్తి కాకుండానే వాడి మొహం వెలిగింది.
"ఆ గెంతా! అయ్యో, దాన్ని ముట్టుకుంటారా అమ్మా!"
విప్పి ఉంచిన డబ్బాలోంచి చిన్న పుస్తకం తీసి
పదకొండో పేజీ చదివి వినిపించాడు:
ఆ రెండు ఫ్రేముల ఖాళీ దర్శకుడి సాహసమట,
ఆమె మనసు ఆమె చేతికన్నా ముందే
గుమ్మం దాటిందని దానర్థమట.
ఎవరో పండితుడు నాలుగు పేరాలు రాశాడు.

నవ్వొచ్చింది. ఆ వెనకే కోపం.
ఆ వెనకే, ఏమో, ఆయన "ఉండనీ" అన్నప్పుడు
నిజంగా అదే చూశాడేమో అనిపించింది.
తుమ్ము నాది. ఉంచడం ఆయనది.
పద్దు అలా రాసుకుంటే సరి.

"జలుబు" అన్నాను.
"ఏమిటమ్మా?"
"ఏం లేదు. ఒకటియ్యి."

పన్ను ఇంకో నెల నొప్పెడుతుంది, నొప్పెట్టనీ.
సంచీ వద్దన్నాను, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను.
ట్రాము సగం దూరం వచ్చాక గుర్తొచ్చింది,
ఈ బిళ్ళను తిప్పే యంత్రం
మా ఇంట్లో లేదని.