ఎనిమిది

నాగోలు ఆర్టీఏ ఆఫీసు ఎనక
సిమెంటు మీద పసుపు రంగుతో గీసిన ఎనిమిది.
కాలు కింద పెట్టకుండ
ఒక్కసారి తిరిగి రావాలె. అంతే పరీక్ష.
రెండుసార్లు పోయిన. రెండుసార్లూ పెట్టిన.

మొదటిసారి కాలు ఒక్కటే.
రెండోసారి కాలు, బండి, నేను, మొత్తం.
లైన్ల నిలబడ్డ ఇంటర్ పోరలు నవ్వలే.
నవ్వితే బాగుండు అనిపించింది.

నా పేరు అండాలు. నలభై మూడేండ్లు.
మెట్రో పిల్లరు కింద పొయ్యి, పెనం, జొన్నపిండి డబ్బా.
పొద్దుగూకంగ నూటిరవై రొట్టెలు చేస్త.
దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళకు నేనే తీస్కపోతే
ఆటోకిచ్చే నూటయాభై నా కొంగునే ఉంటది.
చిట్టీ ఎత్తి పాత స్కూటీ కొన్న.
ఆర్నెల్లు అది చీర కప్పుకొని గోడకు నిలబడ్డది.
లెక్క సక్కగనే ఉంది.
లెక్క వేసిన మనిషే అడ్డం.

నాకు రాదు.
ఈ మాట నాకు ఎవరిచ్చిన్రో యాది లేదు.
మూడో తరగతిల పలక మీద ఎక్కం తప్పు రాసిన్నాడు
సారు ఇచ్చిండో,
సైకిలు నేర్పుతనని మా పెద్దన్న
సందు మలుపు కాడ చెయ్యి వదిలి నవ్వినప్పుడు ఇచ్చిండో.
రేషన్ కార్డు లెక్క పైలంగ దాసుకున్న.
ఎవరేమడిగినా ముందు అదే తీసి చూపెడ్త.
ఫోన్ల పైసలు పంపుడా, నాకు రాదు.
బ్యాంకుల ఫారం నింపుడా, నాకు రాదు.
ఆ కార్డు చూపెట్టినోళ్ళకు ఎవరూ పని చెప్పరు.
సుఖమే అది, ఒక రకంగ.

పంక్చర్ దుకాణం జహంగీర్ భాయ్ బిడ్డ నౌషీన్
ఆదివారం పొద్దున మూసీ వంతెన పక్క
ఖాళీ జాగకు తోల్కపోయింది.
ఎనక కూసొని, నా భుజం మీదికెళ్ళి తొంగిచూసి
పకపక నవ్వింది.
"ఆంటీ, అద్దాలు రెండూ మీ మొహం దిక్కే తిప్పుకున్నరు.
రోడ్డు ఏడ కనిపిస్తది?"

నిజమే.
ఎడమ అద్దంల భయపడే అండాలు.
కుడి అద్దంల, ఆమెను చూసి సిగ్గుపడే అండాలు.
ఇన్ని దినాలు వాళ్ళిద్దర్నే ఎక్కించుకొని తిరిగిన.

నౌషీన్ అద్దాలు బయటికి తిప్పింది.
ఒకదాంట్ల నీళ్ళ ట్యాంకరు,
ఒకదాంట్ల మూసీ నురగ మీద కొంగలు.
నేను యాడా లేను.
పాణం అల్కగైంది.

"చక్రం చూడకండి. పోవాల్సిన కాడ చూడండి."
చెప్పినంత ఈజీ గాదు.
స్తంభాన్ని చూస్తే బండి స్తంభం దిక్కే పోయింది.
పోవద్దు పోవద్దు అనుకుంట చూసినా
దాని దిక్కే పోయింది.
వద్దు అనే మాట బండికి తెల్వదు.

ఆఖరికి రొట్టెలు యాదికొచ్చినయి.
పీట మీద రెండు రొట్టెలు, అంచుకు అంచు తాకంగ.
రొట్టె తట్టేటప్పుడు నేను చేతిని చూడ.
పిండి పల్చబడాల్సిన కాడ చూస్త,
చెయ్యి దానెంబడి వస్తది.
ముప్ఫై ఏండ్లాయె.
గుండ్రం నీకు రాదని ఎవరూ అనలే.
నేను గూడ.

మూడోసారి. మంగళారం.
ఒక రొట్టె తిరిగిన.
రెండోదాని అంచు మీద
గచ్చు సల్లగున్నదని పండుకున్న నల్ల కుక్క.
హారన్ కొట్టిన. చెవి ఒక్కటే లేపింది.
కాలు పెట్టిన.
సారు కాయితం మీద ఏదో గీసి, మళ్ళ రమ్మన్నడు.

దుకాణంల నౌషీన్ ట్యూబును నీళ్ళల్ల ముంచి
బుడగల కోసం చూస్కుంట అడిగింది, ఏమైందని.

పాత కార్డు నోట్లెకు వచ్చింది. అలవాటు.
"రా..." అన్న.
దు అననీకి నాలిక పండ్లకు తాకింది.
తాకి, ఆగింది.
"...లే. ఇయ్యాల కుక్క అడ్డమొచ్చింది."

ఆ పిల్ల తలెత్తలే. బుడగ దొరికింది దానికి.
"వచ్చే మంగళారం కుక్కకు ఒక రొట్టె వేసి పోండి" అన్నది.

పిండి జల్లెడ పట్టిన.
నూటిరవైకి ఒకటి ఎక్కువ కలిపిన.